చేటలో ఏరిన జర్మన్ బహువచనాలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు. "ఓలప్పా, కాఫీ తోటలు సూడ్డానికొచ్చే జర్మనీ వోళ్లకి దారి సూపే పని పక్కింటి గుంటకిచ్చేసారట!" అంది. అమ్మ దగ్గర ఇంట్లోనే చదువుకున్న నేను, ఆ పని కోసమే ఫోనులో జర్మన్ నేర్చుకుంటున్నాను. కడుపు మండిపోయింది. దీపం పెట్టాను గానీ దేవుడి ముఖం చూడలేకపోయాను.

మర్నాడు చేటలో కాఫీ గింజలు ఏరుతుంటే ఆ పక్కింటి పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"జర్మన్‌లో ఎక్కడాగిపోనావప్పా?" అని అడిగింది.

"బహువచనాల కాడ. మనకి 'లు' తగిలిత్తే సాలు. ఆళ్లకేటి, మాటకో తోక!"

"నేనూ అలాగే ఏడ్సాను. రెండూ జంటగా బట్టీ పట్టు," అంటూ తను రాసుకున్న చీటీలు నా చేటలో పోసింది. పిల్ల కిండ్, పిల్లలు కిండర్. ఆడమనిషి ఫ్రావ్, ఆడవాళ్లు ఫ్రావెన్. కారు ఆటో, కార్లు ఆటోస్. ఒకే తోక ఉన్నవాటిని ఒక కుప్పగా, గింజలు ఏరినట్టే ఏరాం.

"తోటవోళ్లు ఇంకో మనిషి కావాలన్నారు, నీ పేరే సెప్పాను. బేగి నేర్సుకో," అంది.

ఆ మంచితనం నాకెందుకు లేదని ఇంకా మండింది. తను చెప్పిన మాట వల్లే ఇప్పుడు నేనూ జర్మనీవాళ్లకి తోట చూపిస్తున్నాను. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ పిల్ల చల్లగా ఉండాలని ఒక్కసారి తలచుకోండి.