కల్లంలో కూర్చోబెట్టిన రాయి

మొన్న ఆదివారం మా కోడలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఏదో నవల చదువుతూ ఉన్నట్టుండి కెవ్వుమంది. మిక్సీ ఆపి "ఏమైందే?" అని పరిగెత్తుకొచ్చాను. "ఏం లేదత్తయ్యా, శాపం ఉన్న పుస్తకం కథ. తెరిచినవాడికల్లా పిచ్చెక్కుతుంది. నక్షత్రాల అవతల నుంచి ఏదో వచ్చి వాళ్ళని పట్టుకుంటుంది" అంది, మళ్ళీ పుస్తకంలో దూరిపోతూ. ఈ పిల్లకి భయం కొని తెచ్చుకోవడం ఒక సరదా. మామూలుగా అయితే నాలుగు మాటలని ఏడిపించేదాన్ని. ఆవేళ మాత్రం "పట్టుకుంటుందా? అయితే వాళ్ళు అదృష్టవంతులే" అనేసి వంటింట్లోకి వచ్చేశాను. ప్రత్తిపాడు అవతల మా పుట్టింటి ఊళ్ళో, అన్నయ్య కల్లంలో కూర్చోబెట్టిన రాయి సంగతి ఆ పిల్లకి తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం.

మా అన్నయ్యంటే నోరు. గట్టు మీద నిలబడి కేకేస్తే పక్కూరి వాళ్ళు పలకాలి. ఎండు మిరపకాయ తుంచి నాలిక మీద పెట్టుకుని అది ఏ నేలలో కాసిందో చెప్పేవాడు. చెప్పాక కళ్ళ నీళ్ళు కారుతుండగా "అబ్బ, ఇదీ కారమంటే!" అని బజారంతా వినపడేలా తుమ్మేవాడు. గోంగూర పచ్చడి అన్నంలోకి మళ్ళీ పచ్చిమిరపకాయ కొరుక్కునే మనిషి. వీధి చివర నుంచే "ఏమేవ్!" అని మొదలుపెట్టేవాడు. వదినేమో "చెవుడు మీకా నాకా?" అని విసుక్కుంటూనే చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చేది. పిల్లల్లేరు వాళ్ళకి. ఒకళ్ళకొకళ్ళే పోరు, ఒకళ్ళకొకళ్ళే కాలక్షేపం. నేను గుంటూరు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ దెబ్బలాట వింటూ హాయిగా నిద్రపోయేదాన్ని.

ఒక ఎండాకాలం అన్నయ్య చేలో నీటికుంట తవ్విస్తుంటే జేసీబీకి తగిలిందా రాయి. నల్లరేగట్లో అంత లోతున రాయి దొరకడమే వింత. రుబ్బురోలు పొత్రమంత ఉంటుంది, నల్లగా, నున్నగా, ఒళ్ళంతా సన్నటి గీతలతో. అచ్చం అక్షరాల్లాగే ఉంటాయి గానీ చదవబోతే చూపు నిలవదు. రోహిణీ కార్తె ఎండలో కూడా చల్లగా ఉండేది. శాసనమేమో, ఎవరికన్నా చూపించమన్నాను. "నీకేం, చెప్తావ్! ఆఫీసోళ్ళొచ్చి చేను చుట్టూ తాడు కట్టి పోతారు. అప్పుడు మిరప నీ డాబా మీద వెయ్యనా?" అని కసిరాడు. మరి మావాళ్ళకి భూమిలో తెలియని రాయి దొరికితే ఏం చేస్తారు? పసుపు రాసి బొట్టు పెడతారు. వదినా అదే చేసింది. కల్లం మూల చిన్న సిమెంటు గద్దె కట్టించి, దాన్ని కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టి పొంగలి పెట్టింది. ఏ శక్తినైనా సరే, ఇంత తిండి పెట్టి మన మనిషిని చేసుకుంటే అది మనల్ని చల్లగా చూస్తుందని మా నమ్మకం. తెల్లారేసరికి పసుపంతా పెచ్చులుగా రాలిపోయింది. వదిన మళ్ళీ రాసింది. మళ్ళీ రాలింది.

మాఘమాసంలో కాయలు కోసి కల్లంలో ఆరబోశారు. మిరప కల్లంలో అడుగుపెట్టారంటే దగ్గులూ తుమ్ములూ తప్పవు, పుట్టి పెరిగిన మాకే తప్పవు. ఆ రాయి చుట్టూ మాత్రం కాయలన్నీ తెల్లగా పాలిపోయాయి. తాలు కాయలంటాం వాటిని, తెగులొస్తే అవుతాయి. కానీ ఇవి గిరి గీసినట్టు గుండ్రంగా పాలిపోయాయి. "ఈ మూల ఘాటే లేదమ్మా, తుమ్ము కూడా రావట్లా" అని కూలికొచ్చిన ఆడవాళ్ళు ముందు నవ్వుకున్నారు, తరవాత అటు పోవడం మానేశారు. అన్నయ్య మాత్రం అక్కడే కూర్చునేవాడు, వేలితో ఆ గీతలు తడుముకుంటూ. "ఏం రాసుందన్నయ్యా అందులో?" అనడిగాను. వేలు తియ్యకుండానే, "మన గురించి ఏమీ లేదే. ఎక్కడా లేదు" అన్నాడు. ఆ గొంతులో దిగులు కూడా లేదు.

ఆ తరవాత అన్నయ్యకి కారం తెలియడం పోయింది. పచ్చిమిరపకాయ నమిలి మింగి ఊరికే కూర్చున్నాడు. వదిన కావాలని ఉప్పు లేకుండా కూర వండింది, తినేశాడు. అరిచి గీపెట్టింది, చూస్తూ ఉన్నాడు. గుంటూరు తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి చూపిస్తే, తలకి స్కానింగులవీ చేసి అంతా బాగానే ఉందన్నారు. మతిమరుపు అనుకోవడానికీ లేదు. నా పేరడిగితే చెప్పాడు, వదిన పేరడిగితే చెప్పాడు, కిటికీలోంచి కరెంటు స్తంభం చూపిస్తే స్తంభమన్నాడు. మూడూ ఒక్కలాగే చెప్పాడు. అప్పుడు చూడాలి మా వదిన మొహం.

వదిన మొక్కని దేవుడు లేడు. సింగరాయకొండ వెళ్ళి నరసింహస్వామికి మొక్కింది, ఊరమ్మవారికి వేటపోతుని కోయించింది. ఆ రాయి ముందే బోర్లాపడి "ఏం తప్పు చేశామో చెప్పు తల్లీ, ఏం కావాలో అడుగు, నా ప్రాణం తీసుకో" అని ఏడ్చింది. చివరికి దాన్ని ట్రక్కు ఆటోలో వేయించుకుని తాడేపల్లి దగ్గర కృష్ణలో పడేసొచ్చాం. దారి పొడుగునా వదిన నా చెయ్యి వదల్లేదు, ఇంటికెళ్ళేసరికి ఆయన "ఏమేవ్" అంటాడని ఆశ. వెళ్ళేసరికి అన్నయ్య ఖాళీ గద్దె పక్కన కూర్చునున్నాడు. రాయేదని కూడా అడగలేదు. వదిన వాకిట్లో చతికిలబడిపోయింది. "అమ్మవారికి కోపమొస్తే కాళ్ళు పట్టుకుంటాం. దెయ్యం పడితే వదిలించుకుంటాం. ఇది మనల్ని పట్టుకోనన్నా లేదమ్మాయ్. మనం ఉన్నట్టే దానికి తెలియదు" అంది. లేపి లోపలికి తీసుకెళ్ళాను.

పోయిన మహాలయ పక్షాల్లో వెళ్ళాను. వదిన సగమైపోయింది. "అమ్మాయ్, పంతులుగారిని ఒక మాట అడిగి పెట్టవూ? మనిషి ఏ రోజు పోయాడో తెలియకపోతే తద్దినం ఏ తిథిన పెట్టాలి?" అంది. లోపల అన్నయ్య అన్నం తింటున్నాడు, కంచం చప్పుడు వినపడుతూనే ఉంది. "నోరు ముయ్యి వదినా" అన్నాను గానీ, ఆ మాటకి నాకే ఏడుపొచ్చింది. తిథి తెలియనివాళ్ళకి అమావాస్య నాడు పెడతారని నాకు తెలుసు. చెప్పడానికి మనసొప్పలేదు. పక్కపక్కనే కూర్చుని ఇద్దరం చాలాసేపు వెతుక్కున్నాం, ఏ రోజై ఉంటుందా అని. అన్నయ్య పోయిన రోజున మేమంతా ఇంట్లోనే ఉన్నాం, తనకి అన్నం పెట్టాం, పొద్దు గూకితే దీపం పెట్టుకున్నాం, అన్ని రోజుల్లాగే ఆ రోజునీ పోనిచ్చేశాం.