దొరల తీగ, మా అవ్వ నోరు

ధర్మపురిలో పళ్ళ డాక్టరు దొరల సీమ నుంచి వచ్చిన వంపు తీగ ఒకటి తీసి, మా పెద్దమ్మాయి లక్ష్మి పళ్ళకు సుద్దతో తీసిన అచ్చు మీద పెట్టి చూశాడు. అది పళ్ళకు ఆనకుండా లోపలే ఉండిపోయింది. "దవడ సరిలేదు. నాలుగు పళ్ళు తీసేస్తేగాని వరుస ఇందులోకి రాదు" అన్నాడు. పదకొండేళ్ళ పిల్ల. ఒక్క పన్నూ పుచ్చలేదు.

ఇంకొకరికి చూపిద్దామని బెంగళూరు బయలుదేరాం. ఉదయం ఆరింటి రైలు. మార్గం కొత్తది, బోగీలు పాతవి. కిటికీ పక్కన బొగ్గు నలుసులు కంట్లో పడతాయి, వెళ్ళేవారు లోపలివైపు కూర్చోండి. తోడుగా మా అవ్వ వచ్చింది. ఆమె నాకు అమ్మమ్మ, అత్తగారు కూడా. నేను మేనమామనే చేసుకున్నాను. హోసూరు దాటాక పులిహోర విప్పాం. ఎదురుగా కూర్చున్న కంబైనల్లూరు రైతు సంగతి విని, "ఇంత బాగా నమిలే బిడ్డకి పళ్ళు పీకిస్తారా?" అన్నాడు.

బెంగళూరు పళ్ళ ఆసుపత్రిలో మధ్యాహ్నం చీటీలు రెండింటికి ఇస్తారు. పెద్ద డాక్టరు సంగతంతా విని, లక్ష్మి పళ్ళకు అచ్చు తీయించి, బీరువాలోంచి వేరేవాళ్ళ అచ్చులు తీసి బల్ల మీద పేర్చారు.

"ఇది ఒక దొరసానిది, ముందుకు సన్నబడింది. ఇది టిబెట్ ఆమెది, చదరం. మీకు చూపిన తీగ దొరల నోళ్ళకు వంచింది. దాంట్లో ఇరికిస్తే చోటు చాలదు, పళ్ళు తీయాల్సిందే. బిడ్డ వంపు బిడ్డకే ఉంచితే చాలొచ్చు. అయితే వరుస చెదిరింది కదా, అసలు వంపు ఇంటి పెద్దల నోట్లో చూడాల. తండ్రి వైపు ఒకరు, తల్లి వైపు ఒకరు కావాల."

మళ్ళీ రావాలేమోనని దిగులుపడ్డాను. అవ్వ ముందుకొచ్చింది.

"రెండు వైపులూ నేనే సామీ. కూతురి బిడ్డను కొడుక్కి చేసుకొన్నాను."

డాక్టరు పగలబడి నవ్వారు. "అట్లయితే నోరు తెరువు అవ్వా."

"వక్కాకు నోరు సామీ, కడుక్కొని వస్తాను."

అరవై దాటినా ఆమెకు ఒక్క పన్ను ఊడలేదు. వెడల్పుగా, గుండ్రంగా ఉంది వరుస. ఆమె అచ్చు గట్టిపడ్డాక డాక్టరు ఆ వంపుకే కొత్త తీగ వంచి, లక్ష్మి అచ్చు మీద ఆనించి, పంటిపంటికీ చోటు కొలిచారు.

"చాలుతుంది. ఒక్కటీ తీయను."

మాలాంటివాళ్ళ నోళ్ళ గురించి ఇంత ఓపికగా ఆలోచించేవారు ఉంటారని నాకు అంతవరకు తెలియదు.

సాయంత్రం బస్సులో క్రిష్ణగిరి దాకా అవ్వ నవ్వుతూనే ఉంది. "నా నోరు బీరువాలో పెట్టుకొంటారంట. మీ తాత ఉండింటే, మూసి పెట్టండి సామీ అనుండును."

లాల్‌బాగ్ చూడలేదు. ఆ బీరువా చూశాను, చాలు.

మరునాడు పొద్దున లక్ష్మినీ దాని చెల్లెల్నీ కూర్చోబెట్టి చెప్పాను: "తీగ వేసినంక నొస్తుంది, అబద్ధం చెప్పను. పళ్ళు మాత్రం అన్నీ ఉంటాయి. దవడ సరిలేదని ఇంక ఎవరన్నా అంటే, ఎవరి దవడతో పోలిస్తే అని అడగండి."