ఒప్పుకోని దశరథరామయ్యగారి వైకుంఠపాళి

కరెంటు దీపం తన ఇష్టప్రకారం వచ్చి పోతూ, వీధి మొత్తానికి ఒక్క రేడియో వార్తలు చెబుతూ, తిరువూరు నుంచి విజయవాడ చేరడమే తీర్థయాత్రగా చెల్లుతున్న ఆ పంతొమ్మిదివందల డెబ్భైల కాలంలో, సృష్టిస్థితిలయాలు యథావిధిగా సాగుతున్నా వాటిలో ఏ ఒక్కదానినీ విచారణ లేకుండా అంగీకరించని పురుషుడు ఒక్కరుండేవారు: మామిడితోటల ఆసామి దశరథరామయ్యగారు. ఎవరేది చెప్పినా ఆయన నోట వెలువడే మంత్రం ఒక్కటే, “ఒప్పుకోను!”

“విజయవాడ బస్సండీ, ఎక్కండి!” అన్నాడొకనాడు కండక్టరు.

“ఒప్పుకోను. నిలబడింది తిరువూర్లో గదయ్యా! విజయవాడ బస్సు ఎట్టా అవుద్ది?”

వాదంలో జయం ఆయనది. బస్సు మాత్రం వెళ్ళిపోయింది.

ఈ మహానుభావుడు ఆదివారాల్లో మనుమలతో వైకుంఠపాళి ఆడేవారు. ఊరికే గవ్వలు వేసి పైకి పోవడం సోమరుల మోక్షమని ఆయన మతం. కనుక నిచ్చెన అడుగున నిలిచినవారు ఒక ప్రశ్నకు జవాబు చెబితేనే ఎక్కాలి. పాము నోట పడినవారు జవాబు చెబితేనే బయటపడాలి. ప్రశ్నలడిగే అధికారం ధర్మపత్ని సామ్రాజ్యమ్మగారిది. ఆమె చింతపండు గింజలు తీస్తూ పురాణం నుంచి ఒకటి, భూగోళం నుంచి ఒకటి వదిలేవారు. ఆక్షేపించే అధికారం ఎవరూ ఇవ్వకుండానే ఆయన తీసుకున్నారు. ఒకసారి తన జవాబు సరైనదని అందరూ తలూపితే, విచారించకుండా ఎట్లా తలూపుతారని తన మీదే ఆక్షేపణ తెచ్చుకుని, పాము కడుపులోకి జారిపోయారు!

ఈ ఆటంటే కోడలు సీతారావమ్మకు భయం. ఆమె కూతురు ప్రమీలారాణికి తెలియనిది లేదు. అడగ్గానే మాత్రం నోరు పెగలదు. ఏడాది పరీక్షలో నోటితో జవాబులు చెప్పకపోతే మళ్ళీ అదే క్లాసని బళ్ళో మేష్టారు తేల్చి చెప్పారు. ఇంట్లో ఈ గలాటా మధ్య పిల్ల మరింత బెదిరిపోతుందని, ఒక ఆదివారం దాన్ని ఆట నుంచి లేపెయ్యాలనే నిశ్చయంతో సీతారావమ్మ గుమ్మంలో నిలబడింది.

అప్పుడే ప్రమీల పావు నిచ్చెన అడుక్కి చేరింది.

“విరాటరాజు కొలువులో భీముడు వంటవాడుగా చేరాడే, ఏ పేరుతో?” అన్నారు సామ్రాజ్యమ్మగారు.

పిల్ల తల వంచుకుంది. అన్న అంకారావు ఎగిరిపడ్డాడు. “నే చెప్తా నాయనమ్మా! దీనికి రాదు!”

“ఒప్పుకోను!” తాతగారు గర్జించారు. “అసలు అంత తిండిపుష్టి వాణ్ణి వంటింట్లో పెట్టుకోడానికి విరాటరాజుకి మతిపోయిందా?”

“వంటవాడన్నాక రుచి చూడొద్దాండీ?”

“రుచికి గంగాళం ఎందుకే?”

“మీరు రుచి చూస్తే ఆవకాయ జాడీ సగమవుద్ది. నేనేమన్నా అన్నానా?”

“తాతయ్యా, ఆట!” మొత్తుకున్నాడు అంకారావు.

“ఆటకేం తొందరరా? ముందు న్యాయం తేలాలి. రోజుకెన్ని బస్తాల బియ్యం...”

“వ... వలలుడు” అంది ప్రమీల.

వాదం మాట మధ్యలో తెగిపోయింది. విరాటరాజుకు న్యాయం జరగకుండానే ఆయన పిల్ల పావును నిచ్చెన పైకి జరిపారు.

సీతారావమ్మ వేసిన అడుగు వేసినట్టే ఆగింది. తక్కినవాళ్ళు జవాబు చెప్పాక ఆక్షేపించే మనిషి, ప్రమీల వంతు వస్తే చెప్పకముందే ఆక్షేపిస్తారు! కుంభకర్ణుడి మంచం కొలతల మీద రేగిన తగాదా, గోదావరి పుట్టుక మీద రేగిన తగాదా, అన్నీ ఆ పిల్ల పెదవి కదలగానే చల్లారినవే.

మరికాసేపటికి ప్రమీల పాము నోట పడింది.

“లంకకు వారధి కట్టిన వానరుడు ఎవరు?”

తాతగారు “ఒప్పు...” అన్నారు గాని, నోట్లో వేసుకున్న బెల్లంముక్క పొలమారి దగ్గు తెర ముంచుకొచ్చింది. అంకారావు నోరు తెరిచాడు.

“ఆగండి! నేనొప్పుకోను!”

అందరూ వెనక్కి తిరిగారు. మామగారి ఎదుట ఏనాడూ గొంతెత్తని సీతారావమ్మ చెంగు బిగించి ముందుకొచ్చింది.

“మన ఊరి కల్వర్టుకే టెండరని, కమిటీ అని ఎండాకాలాలు గడిచిపోతున్నాయి. సముద్రం మీద టెండరు పిలవకుండా పనెట్టా మొదలెట్టారు?”

“రాముడి పనికి టెండరేంటే పిచ్చిదానా?”

“అయితే రాళ్ళ బిల్లు ఎవరు పాసు చేశారత్తయ్యా?”

“నలుడు!” అని కేకేసింది ప్రమీల.

ఆ జవాబు నాయనమ్మ ప్రశ్నకో, అమ్మ ప్రశ్నకో తేలక అంకారావు బుర్ర గోక్కున్నాడు.

దశరథరామయ్యగారు మంచినీళ్ళు తాగి తేరుకున్నారు. “అమ్మాయీ, నీ వాదంలో పస లేదు. గొంతు మాత్రం బాగుంది. వచ్చే ఆదివారం నాకు జోడీగా కూర్చో.”

పరీక్షనాడు మేష్టారు ప్రశ్న అడిగి, ఎప్పటిలాగే పక్కపిల్ల వైపు తిరగబోతే, “ఆగండి సార్. నేనే చెప్తాను. కాస్త టైము పడుద్ది” అందట ప్రమీలారాణి. మేష్టారు ఆగారు. పిల్ల చెప్పింది, పై క్లాసుకు పోయింది.

పుణ్యపురుషుడైన దశరథరామయ్యగారికి శ్రీహరి నిండు నూరేళ్ళు ప్రసాదించుగాక. ఆ ఇల్లాలి ప్రశ్నలకు, కోడలి గొంతుకు, పిల్లల నవ్వులకు ఏనాడూ కొరత రాకుండుగాక. ఆ లోగిలిలో ఏ ఒక్క తగాదా కూడా తొందరగా తేలకుండుగాక!