పోగుకు ఎంగిలి లేదు

ఎంగిలి విషయంలో మా అమ్మంత కఠినమైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఒకరు తాగిన గ్లాసు కడగకుండా ఇంకొకరు ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరి వేసేది. నేను కొరికిన జామకాయ ఎవరికైనా ఇవ్వబోతే చేతి మీద ఒక్కటి పడేది. అలాంటి మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారం కొసలు నోట్లో తడుపుతూనే ఉండేది. ఇదేం న్యాయమే అమ్మా అని అడిగితే నన్ను తెలివి తక్కువదానిలా చూసేది.

"పోగుకు ఎంగిలుంటదా? పోగు పోగే."

అక్కడితో ఆ చర్చ అయిపోయేది.

మాది గద్వాల. నాన్న గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆయన గుంతలో కాళ్ళు పెట్టేలోపు జరగాల్సిన పనంతా అమ్మదీ నాదీ. నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోయాక, మగ్గంలో మిగిలిన పాత కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకొని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. నూలు పోగు బూడిదకే లొంగుతుంది. అంచు దగ్గరి పట్టుపోగు మాత్రం మొండిది, కొస విచ్చుకుంటుంది. దాన్ని నాలుకతో కాస్త తడిపితే మాట వింటుంది. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా నాన్న గొంతు వీధిలోకి వినిపించేది.

నాకు దూరపు చూపు చిన్నప్పుడే పోయింది. వీధిలో నా పేరు సోడాబుడ్డి. ఆ పేరుతో పిలిచినవాళ్ళను ఒక్కరినీ నేను మరిచిపోలేదు. అద్దాలు పెట్టుకొని పడుగు మీదికి వంగితే చెమటకు జారేవి. తీసేస్తే ముక్కు పడుగుకు ఆనించాల్సి వచ్చేది. ఒకనాడు ఆ బరువైన అద్దాలు జారి పట్టు మీద పడి పది పన్నెండు పోగులు తెగాయి. నాన్న ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

తొంభైల మొదట్లో, నాకు ఇరవై దాటాక, కర్నూలులో కంటి డాక్టరు ఒకాయన అద్దాలకు బదులు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోమన్నాడు. అవి పెట్టుకొని గద్వాల బస్టాండులో దిగిన రోజు నాకింకా గుర్తుంది. ఇంట్లో ఉప్పు ఉన్నా ఉప్పు కోసమని రెండుసార్లు దుకాణానికి వెళ్ళాను. పిలవండిరా ఇప్పుడు సోడాబుడ్డీ అని!

అమ్మ వాటిని "కంటి బిళ్ళలు" అనేది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని బట్టతో తుడుచుకోవాలి. నేతగాళ్ళ ఇంట్లో నూగు రాలని బట్ట! తీసిన ప్రతిసారీ అరచేతిలో బిళ్ళలు కడిగే మందు పోసి మెల్లగా రుద్ది కడగాలి. బిళ్ళలు నానబెట్టే డబ్బీలో ఏ రోజు మందు ఆ రోజే మార్చాలి. మామూలు నీళ్ళు తగలనివ్వకూడదు. పెట్టుకొని నిద్రపోకూడదు. కన్ను ఎర్రబడితే మొదట బిళ్ళ తీసేయాలి, తర్వాత దవాఖానకు పరుగెత్తాలి.

మూడు నెలలు తు.చ. తప్పకుండా చేశాను. తర్వాత బద్ధకం వచ్చింది. మందు సీసా గద్వాలలో దొరకదు, కర్నూలు వెళ్ళాలి. సీసా అడుగంటుతుంటే డబ్బీలో పాత మందు పారబోయకుండా, పులుసులో నీళ్ళు పోసినట్టు, రెండు చుక్కలు కొత్తది కలిపి సరిపెట్టేదాన్ని. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది.

ఆషాఢంలో గాలి విపరీతంగా వీస్తున్న ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ పడుగు అతుకుతున్నాం. సాయంత్రానికి మగ్గం నాన్నకు అప్పజెప్పాలి. కుడికంట్లో నలుసు పడింది. బూడిద వేళ్ళను కొంగుకు తుడుచుకొని బిళ్ళ తీశాను. సీసా విదిలించినా చుక్క రాలలేదు. బిళ్ళ నా అరచేతిలో అంచులు ముడుచుకొని ఎండిపోతోంది.

"ఏందే, ఎండిపోతుందా?" అంది అమ్మ.

"మందు అయిపోయిందమ్మా. నీళ్ళు తగలొద్దన్నడు డాక్టరు."

"నీళ్ళెందుకు? కుండల నీళ్ళు ఎవరెవరు ముంచిన్రో. ఇటు తే."

నేను కాదనేలోపే దాన్ని నాలుక కొస మీద పెట్టుకుంది. పట్టుపోగును తడిపినంత నాజూగ్గా తడిపి, వేలి కొసన నిలబెట్టి నాకు అందించింది. "పెట్టుకో. జర పైలం."

నాకు నవ్వొచ్చింది. "ఎంగిలి కాదా?" అన్నాను.

"నా బిడ్డ కంటికి నా ఎంగిలేంది?"

పెట్టుకున్నాను. చల్లగా, హాయిగా అనిపించింది. సాయంత్రానికి పడుగు పూర్తయింది. ఒక్క పోగూ తప్పలేదని నాన్న మెచ్చుకున్నాడు కూడా.

మరునాడు కన్ను ఎర్రబడింది. బూడిద పడిందేమో, తగ్గుతుందిలే అనుకున్నాను. మూడోనాటికి వెలుతురు చూడలేకపోయాను. కంట్లో ఎవరో నిప్పుకణిక పెట్టి రెప్ప మూసినట్టు ఉంది. అమ్మ నన్ను చెయ్యి పట్టుకొని కర్నూలు బస్సెక్కించింది.

దవాఖానలో అమ్మను బయటే కూర్చోమన్నారు. డాక్టరు కంట్లో రంగుమందు వేసి చూశాడు. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నాడు.

"ఏమ్మా, బిళ్ళకు ఏం తగిలింది? నీళ్ళతో కడిగితివా? నోట్లో పెట్టుకుంటివా? నిజం చెప్పు. ఏ పురుగు పడిందో తెలిస్తేనే మందు తొందరగా కుదురుతుంది."

నా నోట్లో నువ్వు గింజ నానదని ఇంట్లో పేరు. ఆ రోజు మాత్రం నానింది. తలుపు అవతల బల్ల మీద అమ్మ ఉంది, నిజం చెబితే ఈయన ఆమెను పిలిచి నాలుగు మాటలంటాడు, ఆ మాటలు ఆమె జన్మలో మరిచిపోదు. నాకు ఆ క్షణంలో తోచింది అదొక్కటే.

"నీళ్ళతో కడిగిన సార్," అన్నాను.

పుండు మీద నుంచి కొంచెం గీకి పరీక్షకు పంపాడు. నేను చెప్పిన నీళ్ళను బట్టే మందు మొదలుపెట్టాడు. దవాఖాన ఎదురుగా సత్రంలో ఉన్నాం. అరగంటకొకసారి చుక్కలు వేయాలి. ప్రతిసారీ ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలని డాక్టరు చెప్పాడని అమ్మ మోచేతుల దాకా కడుక్కునేది. కడిగీ కడిగీ ఆమె వేళ్ళ సందులు పగిలిపోయాయి. నేను గోడవైపు తిరిగి పడుకొని, చెప్పాలా వద్దా, చెప్పాలా వద్దా అనుకుంటూ ఉండిపోయేదాన్ని. పరీక్షలో ఏదో ఒకటి తేలుతుందిలే, నేను చెప్పే పని ఉండదు అనుకున్నాను. పరీక్షలో ఏమీ తేలలేదు. నొప్పి తగ్గలేదు.

నాలుగోనాడు నేను రెండు కళ్ళూ తెరవలేకపోవడంతో అమ్మే నన్ను లోపలికి నడిపించుకొని వచ్చింది. డాక్టరు చూసి చిరాకు పడ్డాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడివి? బాయివా, నల్లావా?" అని అమ్మను అడిగాడు.

"నీళ్ళేంది సార్?"

"బిళ్ళ కడిగిన నీళ్ళు."

"అయ్యో, నీళ్ళు తగలనియ్యలే సార్," అంది అమ్మ. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "నీళ్ళు మంచిగుండవని నేనే నోట్ల తడిపిచ్చిన."

నాకు కళ్ళు కనిపించకపోవడం ఆ ఒక్క క్షణంలో మేలనిపించింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడతాడని నేను అంత భయపడ్డానా, ఆయన మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. మనిషి నోట్లో కంటికి కనిపించని పురుగులు ఉంటాయని, నోటికి అవి ఏమీ చేయవని, కంటికి మాత్రం విషమని. అమ్మ "తెల్వదు సార్, తెల్వదు" అంటూనే ఉంది. నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియదు.

మందు మార్చి రాస్తూ ఆయన నాతో ఒక్క మాట అన్నాడు. "మొదటిరోజే చెప్పి ఉంటే బాగుండేది తల్లీ."

కొత్త మందుకు రెండు రోజుల్లో నొప్పి దిగింది. పుండు మానింది, కానీ నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు మిగిలింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. పోగు కనిపించదు. ఎడమ కన్నుకు మళ్ళీ సోడాబుడ్డి అద్దమే. ఒంటికన్నుతో పట్టుపోగు అతకబోతే వేళ్ళు ఒకచోట, కొస ఇంకోచోట. ఆ పని నాకు పోయింది. రాట్నం దగ్గర కూర్చొని కండెలకు నూలు చుట్టడం మిగిలింది.

అమ్మ పడుగు పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టింది. పట్టుపోగు కొసను వేలితో ఆ నీళ్ళలో తడిపేది. నీళ్ళతో పోగు అంత బాగా కుదరదు, విడిపోతుంది, మళ్ళీ మెలిపెడుతుంది. ఒక పూట పని రెండు పూటలు పట్టేది. నాన్న గొణిగినా వినలేదు.

రెండేళ్ళు అది చూసి చూసి ఒకరోజు నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ గిన్నె మీద. రాట్నం వదిలి లేచి, "నీ ఎంగిలి కాదమ్మా. అబద్ధం చెప్పిన. నాలుగు దినాలు అబద్ధం మీద ఉన్న. నా కన్ను నేనే పోగొట్టుకున్న," అని అరిచేశాను.

అమ్మ తలెత్తలేదు. పోగు మెలిపెడుతూనే ఉంది.

"నాకు ఎరుకే బిడ్డ. నన్ను ఒక మాట అంటరని చెప్పలే నువ్వు. ఎంగిలి సంగతి నాకు తెల్వదు, తెల్వక చేసిన. నువ్వు తెలిసి చేసినవ్, నా కోసం. అదే నాకు అరుగుతలేదు."

అలా అని ఇంకో పోగు తీసుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి నోటి దాకా వెళ్ళింది. పెదాల దగ్గర ఆగి, గిన్నె వైపు తిరిగింది.