నువ్వులకు ఏకవచనం

మధ్యాహ్నం కునుకులో నేనింకా బొగ్గుగనిలోనే తిరుగుతుంటాను. కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఒకప్పటి నా డ్యూటీ. కలలో దుంగలన్నీ నిటారుగా ఉంటాయి. ఇంతలో ఊరి పక్క ఓపెన్‌కాస్టు గని పేలుళ్లకు వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. కళ్లు తెరిస్తే నా సొంత దుంగలు రెండూ లుంగీలో అగ్గిపుల్లల్లా కనిపిస్తాయి.

రిటైరయ్యాక దవాఖానలో డాక్టరమ్మ నూనె తగ్గించమంది. నేను అతి విధేయుణ్ణి, ఏకంగా మానేశాను. గుడ్లు, పల్లీలు కూడా బంద్. కొవ్వు పోతూ పోతూ కండనూ తోడు తీసుకెళ్లింది. ఒకరోజు అన్నం తిని పీట మీంచి లేవలేకపోతే మా ఇంటామె చెయ్యిచ్చి లాగింది. ఆనాటి నుంచి నేను కుర్చీలో, ఆమె కింద. పెళ్లయినప్పటి నుంచీ ఎదురెదురుగా తిన్నవాళ్లం. ఇప్పుడు పైనుంచి ఆమె పాపిట తప్ప ముఖం కనిపించదు. నాకు ముద్ద దిగడం మానేసింది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

"తగ్గించుమన్న గాని బంద్ చెయ్యుమన్ననా కాకా? పప్పు, గుడ్డు, పల్లీలు, నువ్వులు తినాలె. రోజు కూసొని లేవాలె."

"నా కొవ్వయితే తగ్గింది గద బిడ్డా?"

"ఒంట్ల తగ్గింది. నోట్ల అట్లనే ఉన్నది," అంది మా ఇంటామె.

ఆ సాయంత్రం ఇల్లంతా నువ్వులు వేగిన వాసన. నువ్వుకు బహువచనం మీరు అని బళ్లో చెప్పారు. మా ఇంట్లో మాత్రం నువ్వులే. కిటికీ ఊచ పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాను. చిన్నప్పుడు లెక్క తప్పినందుకు తీసినవే, ఇప్పుడు నూనె లెక్క తప్పినందుకు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కుర్చీ పక్కకు జరిపి పీట వేసుకున్నాను. అన్నం ఆవిరి వెనక ఆమె ముఖం, మబ్బులో ఉన్నట్టు. తిన్నాక దేన్నీ పట్టుకోకుండా లేచాను. మెచ్చుకుంటుందేమోనని చూస్తే ఆమె ఇంకా కిందే ఉంది, లేవడానికి అరచెయ్యి గోడకు ఆనించి. ఆ చోట గోడ మీద పాత పసుపు చేతి మరకలు. ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె. నా పథ్యమంతా ఆమె కూడా తిన్నదన్నమాట.

"చెప్పలేదేంది?"

"నీ కాళ్ల ఫికర్ల నా కాళ్లు ఎవలకు యాదికున్నయ్?"

మళ్లీ ఆమె ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాను.

"నువ్వు లే."

"నువ్వులేనా? డబ్బాల ఉన్నయ్."

నవ్వుతో పట్టు జారి, సగం లేచిన ఇద్దరం పీటల మీదే కూలబడ్డాం. చెయ్యి చాపితే డబ్బా అందింది. ముందు ఆమె కంచంలో వేశాను.