కడిగేసిన మసి

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక అక్టోబరు సోమవారం, పదకొండు చెక్కపెట్టెల బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను ఎడిసన్ ఊరికి అరగంట దూరంలో, పాత పింగాణీ, మట్టి వస్తువులు బాగుచేసే ఒక వర్క్‌షాప్‌లో కన్సర్వేటర్‌ని. అంటే వస్తువును పరీక్షించి, దానికి ఏం చేయాలో రాసి, సంతకం పెట్టే మనిషిని. నా కింద మార్కస్ అనే సీనియర్ టెక్నీషియన్, నా పైన హెడ్ కన్సర్వేటర్ సూసన్. లాస్యా, నిఖిల్, మీరు క్యారీలో మీ ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మమ్మా, నువ్వు పగిలిన కప్పులు గ్లూ చేసేదానివా?" అంటారు కదా. కప్పులూ అతికించాను. కాని ఆ పనిలో జిగురు చివర్న వస్తుంది.

ఆ పెట్టెల్లో ఒక పొయ్యి ఉంది. వంటది కాదు, గదిని వెచ్చగా ఉంచేది. మధ్య యూరప్‌లో ఇలాంటివి మనిషికన్నా ఎత్తుగా కట్టేవారు. లోపల ఇటుకలు, బయట రంగు టైల్స్. ఒక్కో టైల్ వెనక లోతులేని గిన్నెలా అంచు ఉంటుంది. పొయ్యి కట్టే మేస్త్రీ అందులో తడిమట్టి కూరి, చేత్తో అదిమి, పక్క టైల్‌తో కలుపుతాడు. సిమెంటు వాడడు. అందుకే విప్పి మళ్లీ కట్టుకోవచ్చు.

యజమాని డోరిస్, రిటైరైన స్కూల్ టీచర్. తల్లి పోయాక గరాజ్‌లో ఆ పెట్టెలు దొరికాయి. "ఇది మా నాన్న కట్టిన పొయ్యి" అని తల్లి ఎప్పుడూ చెప్పేదట. డోరిస్ మేనల్లుడు మాత్రం ఇది ఫ్యాక్టరీ సరుకేనని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేద్దామని చెత్త ట్రక్కు కూడా బుక్ చేశాడు. ట్రక్కు రావడానికి పన్నెండు రోజులుంది. డోరిస్ మాట సూటిగా ఉండేది: "మా తాతదైతే కొత్త అపార్ట్‌మెంట్‌లో నా మంచం తీసేసైనా దీన్ని పెట్టుకుంటాను. కాకపోతే చెప్పెయ్ పద్మా, వాడితో పోట్లాడే ఓపిక నాకు లేదు."

మా పద్ధతి ప్రకారం ముందు ఫొటో, తర్వాత నంబరు, ఆ తర్వాతే నీళ్లు. మొదటి పెట్టెలో ఇరవై రెండు టైల్స్ ఉన్నాయి. ఆకుపచ్చ మెరుపు మీద దానిమ్మ కొమ్మ. ముందువైపు ఫొటోలు తీశాను. తిప్పి చూస్తే వెనకంతా మసి, ఎండిన మట్టి. నాకు మసి కనిపిస్తే చేతులు ఊరుకోవు. గిన్నె అడుగున మసితో సింక్ పక్కన పెడితే మా అమ్మ ఊరుకునేది కాదు. ఆ అలవాటు చదువుతో పోలేదు. ఇరవై రెండింటినీ తొట్టెలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, తళతళలాడేలా ఆరబెట్టాను.

మధ్యాహ్నం సూసన్ వచ్చి చూసింది. కోప్పడలేదు. "వెనకవైపు ఫొటోలు ఎక్కడ?" అని అడిగింది. లేవన్నాను. పొగ ఎటునుంచి వెళ్లిందో, ఏ టైల్ మంటకు దగ్గరగా ఉందో ఆ మసే చెబుతుందని నాకు తెలియక కాదు. ఆ మాట నేనే కొత్తవాళ్లకి చెప్పేదాన్ని. మార్కస్ పక్కనుంచి, "పద్మా, రేపు నా కాఫీ మగ్గు కూడా తెస్తాను, అదీ తోము" అన్నాడు.

మిగతా పది పెట్టెలకు నీళ్లు తగలనివ్వలేదు. వెనకవైపులు ఒక్కొక్కటే పక్కనుంచి లైటు వేసి చూశాను. అంచుల్లో అచ్చు నంబర్లు కనిపించాయి. అంటే టైల్స్ ఫ్యాక్టరీవే, మేనల్లుడి మాట నిజం. కాని ఎండిన మట్టిలో నాలుగు వేళ్ల చారలు కూడా ఉన్నాయి. దానిమ్మ కొమ్మను బట్టి ప్రతి టైల్‌కీ పైభాగం ఏదో తెలుసు. ఆ లెక్కన చూస్తే, చారలన్నీ ఒకే వైపుకి వంపు తిరిగి ఉన్నాయి. ఆ వంపు నేనెక్కడో చూశాను అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

శనివారం ప్లెయిన్స్‌బరోలో మా ఇంట్లో అట్లు పోస్తుంటే మీ తాతయ్య ప్లేటు పట్టుకుని నిలబడి, "నీ పుర్రచేతి అట్టుని ఏ హోటల్లోనైనా గుర్తుపట్టేస్తానోయ్. అందరి గరిటె ఒక వైపు తిరిగితే నీది రివర్స్ గేర్" అన్నారు. నేను పెనం మీద గీతల వంకే చూస్తూ ఉండిపోయాను. ఆ అట్టు మాడిపోయింది.

సోమవారం విరిగిన టైల్ ముక్కలిచ్చి, మార్కస్‌ని, సూసన్‌ని, ఆఫీసులో మరో ఇద్దరిని తడిమట్టి అదమమన్నాను. నేనూ ఒకటి అదిమాను. వాళ్లు నలుగురూ కుడిచేతివాళ్లే. వాళ్ల వంపులు ఒక వైపు, నా ఎడమచేతిదీ ఆ మేస్త్రీదీ రెండో వైపు.

తర్వాత డోరిస్‌ని పిలిచాను. ఇలాంటప్పుడు జవాబు మనమే అందించకూడదు. అందుకని చేతి ఊసెత్తకుండా, వాళ్ల తాత గురించి ఏం తెలుసో చెప్పమన్నాను. చాలాసేపు ఏవేవో చెప్పింది: పడవలో వచ్చాడనీ, ఉల్లిపాయలు పచ్చివే తినేవాడనీ. చివర్లో, "స్కూల్లో ఆయన ఎడమచెయ్యి బల్లకి కట్టేసేవాళ్లట. పలక మీద కుడిచేత్తో రాయడం నేర్పారుగాని, పనికి మాత్రం ఎడమచెయ్యే" అంది. అప్పుడు టైల్స్ తిప్పి చూపించాను. ఆమె తన ఎడమచేతి వేళ్లు ఆ చారల దగ్గరికి తీసుకెళ్లి, తాకకుండా ఆపి, "తాకొచ్చా?" అని అడిగింది. వద్దన్నాను.

రిపోర్టులో "తాత కట్టాడు" అని రాయలేదు. టైల్స్ ఫ్యాక్టరీవి, కట్టిన మనిషిది ఎడమచేతి వాటం, కుటుంబం చెప్పే కథకి ఇది సరిపోతుంది అని రాశాను. ఎడమచేతి మేస్త్రీలు లోకంలో ఆయనొక్కడే కాదు కదా. డోరిస్‌కి అది చాలింది. ట్రక్కుని తనే ఫోన్ చేసి క్యాన్సిల్ చేసింది.

కొత్త అపార్ట్‌మెంట్‌లో నిప్పు వెలిగించడానికి వీల్లేదు. కాబట్టి ఇటుకలు లేకుండా చెక్క ఫ్రేమ్ మీద నిలబెట్టాం. పాత మట్టిని కదపలేదు. నేను కడిగిన ఇరవై రెండింటికే కొత్త మట్టి కావాలి. వాటి వరసను అంచనాతోనే పేర్చాం, ఆ సంగతి కూడా రిపోర్టులో రాశాను. తడిమట్టి తొట్టెలో చెయ్యి పెట్టబోయి ఆగాను. నేను అదిమితే ఆ గుర్తులు అచ్చం ఆయన గుర్తుల్లాగే ఉంటాయి. మరో యాభై ఏళ్లకి ఎవరైనా విప్పితే మోసపోతారు. మార్కస్‌ని పిలిచి కుడిచేత్తో అదమమన్నాను. పక్కనే కూర్చుని ఒక్కో దాని వెనక తేదీ, ఇద్దరి పేర్లు గీశాను.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ వస్తువునైనా ముందు వెనక్కి తిప్పి ఫొటో తీశాకే బల్లమీద పెట్టాను. పోగొట్టినదాన్ని మళ్లీ తయారుచేయకూడదు, పోగొట్టామని రాసిపెట్టాలి.