మచ్చలేని దురద

నాకు తొలిచూలు. నెలలు నిండుతున్న కొద్దీ అరచేతుల్లో, అరికాళ్లలో ఒకటే దురద. గోకితే మంట, గోకకపోతే పిచ్చి. వింతేమిటంటే ఒంటి మీద ఎక్కడా పొక్కు లేదు, దద్దురు లేదు. దాన్ని పట్టుకునే మా అత్తగారు నన్ను కాల్చుకు తింది.

"ఏదే దురద? చూపించు!" అని చెయ్యి లాక్కుని వెలుతురులోకి తిప్పి చూసేది. "మచ్చ లేదు, పొక్కు లేదు. పుట్టింటికి చెక్కేద్దామని వేషాలా?"

మాది బందరు, అత్తవారిది దివిసీమ. పడవెక్కి కృష్ణ దాటితే అమ్మ దగ్గరుంటాను. పురుడు అమ్మ దగ్గరే పోసుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోతుండేది. పంపాల్సిన నెల దాటినా ఈవిడ పంపదే! ఇంట్లో చాకిరీకి మనిషి కావాలి మరి. మా ఆయన సంగతి అడక్కండి, వాళ్లమ్మ ఎదుట నోట్లో నాలుక లేని మనిషి.

ఒకరోజు కందగడ్డ తెచ్చి నా ముందు పడేసింది. "ఎలాగూ గోక్కుంటున్నావుగా, నువ్వే తరుగు" అంది. చేతులకి నూనె రాసుకుంటానంటే దండగంది. పచ్చికంద దురద తెలుసుగా! ఉన్న దురదకి అది తోడై మోచేతుల దాకా ఎక్కింది. ఏడుస్తూనే తరిగాను. ఉండు, నీ పని చెప్తానని అప్పుడే అనుకున్నాను.

చింతపండు పులుసులో బాగా ఉడికితేనే కంద దురద చస్తుంది. అలాగే ఉడికించి, బచ్చలి వేసి కూర చేశాను. ఒక్క గుప్పెడు ముక్కలు మాత్రం పులుసు తగలనివ్వకుండా, ఉత్త నీళ్లలో కాస్త మెత్తబరిచి పక్కన దాచాను. మగవాళ్లు తిని కూర బ్రహ్మాండంగా ఉందన్నారు. తరవాత ఆ గుప్పెడూ కూరలో కలిపి అత్తగారి విస్తట్లో నా చేత్తో నేనే వడ్డించాను.

రెండో ముద్దకే కెవ్వుమంది. "చంపేసిందిరోయ్! నోరంతా దురదరా!" అని నాలుక గోక్కుంది. మామగారు, మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

నేను నీళ్లచెంబు పట్టుకుని నించుని నెమ్మదిగా అన్నాను: "ఏదండీ, అత్తయ్యగారూ? నోరు తెరవండి, చూద్దాం."

మామగారు నిజంగానే తొంగి చూశారు. "మచ్చ లేదు, పొక్కు లేదు. మేమంతా తిన్న కూరేగా! నీ వేషాలు తగలెయ్య!" అని వెళ్లిపోయారు.

అత్తగారు నాకేసి చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. చెప్పినా ఎవరూ నమ్మరని కూడా అర్థమైంది. అబ్బ, ఆ మొహం! ఇప్పటికీ తలుచుకుంటే నా కడుపు చల్లగా ఉంటుంది. జాలా? ఏ కోశానా లేదు.

మర్నాడు పొద్దున్నే, నాలుక ఇంకా తడబడుతుండగానే, "దీన్ని పుట్టింట్లో దిగబెట్టి రారా" అని కొడుక్కి చెప్పింది.

బందరులో గడప దాటకుండానే "దురదతో చచ్చిపోతున్నానమ్మా" అన్నాను. అమ్మ చూపించమనలేదు. "ఎక్కడమ్మా?" అంటూ నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాయడం మొదలెట్టింది. అప్పుడు ఏడ్చాను, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఏడుస్తూనే కంద సంగతంతా చెప్పాను.

అమ్మ నూనె రాయడం ఆపలేదు. "గుప్పెడేనా వేశావు?" అంది.